వేలం అయిపోయింది, మల్లా మనోడు ఒక్కడు లేడు. ఈసారి సన్‌రైజర్స్‌ను ఇడిసిపెడుతున్న

ఓరుగల్లు_ఓపెనర్
2025 డిసెంబర్ల ఐపీఎల్ వేలం అయినప్పటి సంది కడుపుల పెట్టుకున్న, ఇయ్యాల కక్కుతున్న. మన కరీంనగర్ దిక్కు పోరడు పేరాల అమన్ రావును రాజస్థాన్ 30 లక్షలకు కొనుక్కపోయింది. బేస్ ప్రైసే. లివింగ్‌స్టన్‌కు 13 కోట్లు పెట్టిన సన్‌రైజర్స్ కాడ 30 లక్షలు లేవా? పోరడు ఊకె గూడ కూసోలే. జనవరిల రాజ్‌కోట్‌ల విజయ్ హజారే మ్యాచుల బెంగాల్ మీద 200 నాటౌట్ కొట్టిండు. అటు దిక్కు బౌలింగ్ ఎవలు? షమీ, ముకేశ్ కుమార్, ఆకాశ్ దీప్. గల్లీ బౌలర్లు కాదు.

తిలక్ ముంబైల. సిరాజ్ గుజరాత్‌ల. సిరిసిల్ల అవనీశ్‌ను 2024ల చెన్నై తీస్కపోయి సీజనంత బెంచి మీదనే ఉంచింది. మరి ఉప్పల్‌ల ఆడే టీముల తెలంగాణ పోరడు ఎవడున్నడు, ఒక్క పేరు చెప్పున్రి. 2013ల టీము పుట్టినప్పటి సంది జై కొట్టినోన్ని. ఈసారి జెర్సీ కొన, ఉప్పల్ పోను. తిలక్ ఆడితే ముంబై చూస్త, అమన్‌ను దింపితే రాజస్థాన్ చూస్త. మీరేమంటరు?

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
పోయిరా అన్నా, తలుపు దగ్గరికేసి పో 😄

ఐపీఎల్ అంటే రంజీ కాదు. ధోనిది చెన్నైయా? కోహ్లిది బెంగళూరా? హెడ్ అడిలైడ్ నుంచి ఒచ్చి మనకోసం కొడుతుంటే సప్పట్లు కొట్టినవా లేదా? 2024ల ముంబై మీద 277, బెంగళూరు మీద 287, ఢిల్లీల పవర్‌ప్లే ఆరు ఓవర్లకు వికెట్ పోకుంట 125. గా దినం నీకు ఆధార్ కార్డు యాదికొచ్చిందా?

మానుకోట_మిర్చి
287 ముచ్చట చెప్పినోడు ఫైనల్ 113 ముచ్చట గూడ చెప్పాలె. కేకేఆర్ పదిన్నర ఓవర్లల్ల కొట్టి ఇంటికి పోయింది. మా బాపు అన్నం తిని చెయ్యి కడుక్కొని ఒచ్చేసరికి మ్యాచ్ అయిపోయింది.

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
ఫైనల్ దాకా పోయినం గదా కాకా. కబడ్డీల మీ తెలుగు టైటాన్స్ ఎన్నడు పోయిన్రు?

మానుకోట_మిర్చి
గా ముచ్చట తర్వాత జెప్త. నీకు ఇగ నిద్ర ఉండదు.

కాజీపేట_జంక్షన్
ఓపెనర్ అన్నది సగం కరెక్టే. కని ఉప్పల్ పోకుంట ఉంటవా? పోనీకి హైదరాబాదోళ్ళ కన్న మనకే అల్కగ. హన్మకొండల బస్సెక్కి ఉప్పల్ రింగ్ కాడ దిగితే స్టేడియం దాకా నడుసుడే. కూకట్‌పల్లోడు మెట్రోల నిలబడి నిలబడి ఒచ్చేసరికి మనం లోపల సీట్ల కూసుంటం. తిరిగొచ్చుడే లొల్లి. మ్యాచ్ అయ్యేసరికి పన్నెండు గొడ్తది, రింగ్ కాడ బస్సు ఆపడు, ఆపినా నిలబడనీకి జాగ ఉండదు.

నా సంగతి చెప్త. పోయినేడు ఏప్రిల్ 6న గుజరాత్ మ్యాచ్‌కు పోయిన. ఆరెంజ్ జెర్సీ ఏసుకొని. సిరాజ్ మొదటి ఓవర్లనే హెడ్‌ను పంపిండు. మా స్టాండ్ల ఒక నిమిషం ఎవలికి ఏం జెయ్యాల్నో తెల్వలే. ముంగటి వరుసల ఓ పెద్దమనిషి, తలకు ఆరెంజ్ గుడ్డ కట్టుకున్నడు, లేసి సిరాజ్‌ను "మియా! మియా!" అని ఒర్రుడు షురూ జేసిండు. పక్కకు ఆయన కొడుకు జెర్సీ పట్టి గుంజుతున్నడు, కూసో డాడీ మనం ఔట్ అయినం అని. ఆయన కూసోలే. ఆఖరికి సిరాజ్‌కు 17 పరుగులకు 4 వికెట్లు. మనం ఓడిపోయినం. నాకైతే బాధ గాలే.

ఓరుగల్లు_ఓపెనర్
గిదే నేను జెప్పేది జంక్షన్ అన్నా! ఆ పెద్దమనిషి నా పార్టీ.

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
ఆ మ్యాచ్ అయినంక ఆరు దినాలకే అదే ఉప్పల్‌ల పంజాబ్ 245 కొడితే అభిషేక్ 55 బాల్స్‌ల 141 కొట్టి గెలిపించిండు. సెంచరీ కాంగనె జేబులకెళ్ళి చిట్టీ తీసి చూపించిండు, గిది ఆరెంజ్ ఆర్మీకి అని రాసుకొచ్చిండు. అమృత్‌సర్ పోరడు. మనకోసం చిట్టీ రాసుకొచ్చినోడు మనోడు కాడా?

మానుకోట_మిర్చి
చిట్టీ అంటే మా ఊర్ల వేరే 😂 నెల నెల కట్టాలె.

నిట్_హాస్టల్
ఆ పంజాబ్ మ్యాచ్‌లో షమీ 4 ఓవర్లకు 75 ఇచ్చాడు. అదే సీజన్లో అదే గ్రౌండ్లో ఆర్చర్ 76 ఇచ్చాడు, అప్పటిదాకా ఐపీఎల్ చరిత్రలో అంతకంటే ఎక్కువ ఎవరూ ఇవ్వలేదు. లోకల్ ప్లేయర్ సంగతి పక్కన పెట్టండి, ఉప్పల్ పిచ్ మీద ఏ బౌలర్ అయినా బతకాలంటే ఏం చేయాలో ఎవరైనా చెప్పండి. 286 కొట్టి సీజన్ మొదలుపెట్టి వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి ఆరో స్థానంలో ముగించిన టీమ్ మనది. బ్యాటింగ్ సరదాగా ఉంటుంది కానీ కప్ బౌలింగ్ గెలిపిస్తుంది. 2016లో భువనేశ్వర్, ముస్తాఫిజుర్ ఉన్నారు కాబట్టే కప్ వచ్చింది.

ఓరుగల్లు_ఓపెనర్
నిట్ తమ్మీ, 2016ల వార్నర్ 848 పరుగులు కొట్టిండు, గది గూడ రాయి.

నిట్_హాస్టల్
రాశాననుకోండి. అయినా ఫైనల్లో 208 కొట్టి 8 పరుగులతో గెలిచాం, ఆ 8 కాపాడింది బౌలర్లే. గేల్, కోహ్లి పదిన్నర ఓవర్లకే 114 కొట్టేసిన మ్యాచ్ అది.

బెజవాడ_అల్లుడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది విజయవాడ, అత్తగారిల్లు హన్మకొండ, కాబట్టి నాకూ ఓటుందనుకుంటున్నాను. ఒక్క పేరు చెప్పమన్నారు. నితీశ్ కుమార్ రెడ్డి. విశాఖ కుర్రాడు. 2024లో ఎమర్జింగ్ ప్లేయర్, మెల్‌బోర్న్‌లో టెస్ట్ సెంచరీ. తెలుగోడే కదండీ, లెక్కలోకి రాడా?

ఓరుగల్లు_ఓపెనర్
ఒస్తడు అల్లుడుగారు, ఎందుకు రాడు. నితీశ్ అంటే పానం. కని నేనడిగింది తెలంగాణ పోరడు.

మానుకోట_మిర్చి
అల్లునికి కోపం రాకుంట జెప్పిండు సూడు. పండుగ దగ్గరికొచ్చింది గదా, కట్నాల భయం.

బెజవాడ_అల్లుడు
కట్నాల సంగతి మా మామగారిని అడగండి 😄 నితీశ్ ఊరికే రాలేదండీ, అది చెబుదామనే వచ్చాను. మాకు 2022 నుంచి ఆంధ్ర ప్రీమియర్ లీగ్ ఉంది. 2025లో భీమవరం బుల్స్‌కి నితీశే కెప్టెన్. స్కౌట్లు వచ్చి చూస్తారు, టీవీలో వస్తుంది. తమిళనాడు 2016లోనే మొదలెట్టింది. సేలం దగ్గర పల్లెటూళ్ళో టెన్నిస్ బంతితో యార్కర్లు వేసుకునే నటరాజన్ ఆ లీగ్ లోంచే బయటికొచ్చి మీ సన్‌రైజర్స్‌కే ఆడాడు. సేలం పల్లె కుర్రాడు ఉప్పల్ దాకా వచ్చాడు, జనగామ కుర్రాడు రాలేకపోతున్నాడు అంటే తప్పు సన్‌రైజర్స్‌ది ఒక్కటే అంటారా?

ఓరుగల్లు_ఓపెనర్
గిది మంచి పాయింటు. పీఈటీ సార్ ఉన్నరా లైన్ల? సార్ జెప్పాలె దీనికి.

పీఈటీ_సుబేదారి
ఉన్న. స్కూల్ ఇడిసినంక చూసిన. జర పొడుగుంటది, ఓపిక పట్టున్రి.

సన్‌రైజర్స్ వేలానికి ఒచ్చేసరికి అసలు కథ పదేండ్ల ముందే అయిపోతది. మా దగ్గర ఎండకాలం క్యాంపుకు పోరలు ఒస్తరు. పన్నెండు, పదమూడేండ్లు. చేతులు మంచిగుంటయి, కండ్లు మంచిగుంటయి. అందరు టెన్నిస్ బాల్ ఆడి ఒచ్చినోళ్ళే. మేం ఆడిపిచ్చేది మ్యాటింగ్ మీద. కొబ్బరి పీచు మ్యాటు నేల మీద పరిచి నాలుగు దిక్కుల మేకులు కొట్టి గుంజి కడ్తం. మ్యాటు మీద పడ్డ బంతి బొడ్డు దాకా లేసొస్తది. పోరడు వెనక కాలు మీదికి జరిగి కొట్టుడు నేర్చుకుంటడు, కట్, పుల్ బ్రహ్మాండం. సెలెక్షన్ ఎక్కడ? హైదరాబాద్‌ల, టర్ఫ్ మీద. అక్కడ బంతి మోకాలి కిందనే ఉంటది, సీమ్ మీద పడితే అటిటు తిరుగుతది. ముంగట కాలు రావాలె. మనోడు అలవాటు పకారం వెనకకు జరుగుతడు, ఎల్బీడబ్ల్యూ. నాలుగు బంతులు చూసిన సెలెక్టర్ టెక్నిక్ లేదని రాస్తడు. అసలు ఆ పిచ్ ఆ పోరడు ఎన్నడు చూడలేదని ఆయనకేం ఎరుక?

బూట్ల సంగతి గూడ గంతే. మ్యాటు చినుగుతదని స్పైకులు మేమే ఏసుకోనియ్యం. ఫాస్ట్ బౌలర్ సెలెక్షన్ల నాడు సోపతిగాని స్పైకులు అడుక్కొని ఏసుకుంటడు. రనప్పే కుదరదు, రెండు నో బాల్స్, ఇంటికి పో.

ఇగ పైసలు. ఇంగ్లిష్ విల్లో బ్యాటు జర మంచిది కావాల్నంటే 15, 20 వేలు పెట్టాలె. పత్తి రైతు కొడుకు యాడికెల్లి తెస్తడు? వాళ్ళ బాపు ఒక్కటే అడుగుతడు, సార్ గీ ఆటతోటి నౌకరీ ఒస్తదా అని. నా దగ్గర జవాబు లేదు.

లీగ్ ఆడాల్నంటే హైదరాబాద్ క్లబ్బుల చేరాలె. ఆ క్లబ్బుల ముచ్చట మీకు ఎరుకే. 2023ల సుప్రీంకోర్టు పెట్టిన జస్టిస్ నాగేశ్వరరావు కమిటీ 57 క్లబ్బులకు ఓటు లేకుంట జేసింది. ఎందుకంటె ఒక్కొక్క మనిషి, ఒక్కొక్క కుటుంబం చేతుల నాలుగైదు క్లబ్బులు. అసొంటి కాడ కాగితం పట్టుకొని నిలబడ్డ ఊరి పోరన్ని ఎవడు పిలుస్తడు?

క్రికెటర్ గొంగడి త్రిష పేరు అందరు చెప్తున్నరు గదా. భద్రాచలం బిడ్డ. బిడ్డ ఆట కోసం నాయిన ఉన్న ఊరు ఇడిసి ఇల్లు హైదరాబాద్‌కు మార్చిండు. అందరు నాయినలు గట్ల జెయ్యగల్గుతరా? తిలక్ ఇంట్ల నాయిన ఎలక్ట్రీషియనే, కని హైదరాబాద్‌ల ఉన్నడు, కోచ్ బండి మీద ఎక్కించుకొని లింగంపల్లి అకాడమీకి తీస్కపోయిండు. కోచ్ ఎంత మంచోడైనా ఏటూరునాగారం నుంచి లింగంపల్లికి బండి మీద తీస్కపోలేడు గదా.

కాజీపేట_జంక్షన్
సార్ మీరు ఊకె రాయరు, రాస్తె గిట్లుంటది.

ములుగురోడ్_77
నేను స్పైకులు అడుక్కున్న బ్యాచ్. అండర్ 16. సార్ జెప్పినట్టు రెండు నో బాల్స్ కాదు, ఒకటే. రెండోది వైడు.

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
సార్ మీద గౌరవంతోనే జెప్తున్న. గిదంత హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ పని, సన్‌రైజర్స్‌ది కాదు. సన్‌రైజర్స్ అయితే వాళ్ళ తోటి ఎంత తన్లాడుతున్నరో పోయినేడు చూసినం. ఫ్రీ పాసుల కోసం అసోసియేషనోళ్ళు స్టేడియంల బాక్సుకు తాళం ఏసిన్రని, గిట్లయితే ఉప్పల్ ఇడిసి పోతమని లెటర్ రాసిన్రు. జులైల సీఐడీ అసోసియేషన్ ప్రెసిడెంట్‌నే అరెస్ట్ జేసింది. గంత లొల్లి నడుమ టీము నడిపేటోడు జిల్లాల పోరలను ఎతుక్కుంట కూసుంటడా?

పీఈటీ_సుబేదారి
ఎతుక్కోవాలె తమ్మీ. మనది హైదరాబాద్ అని పేరు పెట్టుకున్నరు గద. వేలంల కొనమంటలేను. ఏడాదికో దినం హన్మకొండల ట్రయల్ పెడితె ఏం పోతది? కరీంనగర్‌ల ఇంకో దినం. ఇరువై మందిని నెట్ బౌలర్లుగ తీసుకో. హెడ్‌కు, క్లాసెన్‌కు బౌలింగ్ ఏసిన పోరడు మల్ల ఊకె ఉండడు.

నిట్_హాస్టల్
ఐపీఎల్ మొదలైనప్పుడు 2008లో ఇలాంటి రూలే ఉండేది సార్. ప్రతి టీమ్ తన ఏరియా ప్లేయర్లను కనీసం నలుగురిని తీసుకోవాలి. తర్వాత ఎత్తేశారు. హైదరాబాద్ పాత టీమ్ డెక్కన్ చార్జర్స్‌లో అందుకే లక్ష్మణ్, వేణుగోపాలరావు, ఓజా కనిపించేవాళ్ళు.

ఓరుగల్లు_ఓపెనర్
గా రూలు మల్ల తేవాలె. నలుగురు వద్దు, ఇద్దరు సాలు.

మానుకోట_మిర్చి
చార్జర్స్ 2009ల కప్పు కొట్టింది యాడ? దక్షిణాఫ్రికాల. సన్‌రైజర్స్ కంపెనీకి ఎస్ఏ20 లీగ్ మొదటి రెండు సీజన్ల కప్పులు యాడ ఒచ్చినయి? దక్షిణాఫ్రికాల. మ్యాచులన్ని అటే పెట్టుకుంటె ఏటా కప్పు మనదే 😂 రింగ్ కాడ బస్సు లొల్లి గూడ ఉండదు జంక్షన్ అన్నకు.

కాజీపేట_జంక్షన్
జొహానెస్‌బర్గ్ నుంచి కాజీపేటకు డైరెక్ట్ బండి ఏపిస్తే నేను రెడీ.

మీరంత క్రికెట్ మీద పడ్డరు, నా పుండు వేరే ఉన్నది. టీము మనోళ్ళను కొంటలేదని అన్న ఏడుస్తున్నడు. నా టీమే ఎల్లిపోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ. మా రైల్వే కాలనీల క్రికెట్ కంటె ఫుట్‌బాల్ ఎక్కువ ఆడేటోళ్ళం, డ్యూటీ దిగొచ్చిన కాకలు గూడ మాతోటి బూట్లు లేకుంట ఆడేటోళ్ళు. 2022 మార్చి 20, గోవాల ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. కేరళోళ్ళు స్టేడియం అంత పసుపు జేసి పెట్టిన్రు. మనం 1-0 ఎనుకబడ్డం, ఆఖరుకు సాహిల్ తవోరా దూరం నుంచి వాలీ కొట్టి సమం జేసిండు. పెనాల్టీల కట్టిమణి మూడు ఆపిండు. 3-1. ఆ రాత్రి మా గల్లీల పటాకలు కాల్చినోన్ని నేనొక్కన్నే, కుక్కలు నన్ను సూసి మొరిగినయి.

తర్వాత రెండేండ్లకే జీతాలు లేవని ఫారిన్ ప్లేయర్లు ఒక్కొక్కడు ఎల్లిపోయిండు. కోచ్ మనోలో అంతకు ముందే పోయిండు. చిన్న పిల్లగాండ్లతోటి సీజన్ ఎల్లదీసి అట్టడుగున నిలిచిన్రు. ఓనర్లు మారిన్రు. మొన్న అక్టోబర్ల టీమునే ఢిల్లీకి తీస్కపోయి పేరు గూడ మార్చిన్రు, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. నా కాడ ఛాంపియన్స్ అని రాసున్న పసుపు కండువా ఉన్నది. గదేం జేసుకోవాలె ఇప్పుడు?

మానుకోట_మిర్చి
బండి తుడు.

కాజీపేట_జంక్షన్
నీ యవ్వ, నవ్వొస్తలేదు మిర్చీ.

ఖని_సెకండ్‌షిఫ్ట్
జంక్షన్ అన్నా నీ బాధ నాకు సమజైతది. గోదావరిఖనిల సింగరేణి గ్రౌండ్ల ఫుట్‌బాల్ చూస్కుంట పెరిగినోన్ని. రహీం సాబ్ ముచ్చట్లు మా తాత చెప్పేటోడు. హైదరాబాద్ పోలీస్ టీము 1950 నుంచి 54 దాకా ఐదేండ్లు రోవర్స్ కప్ ఎవలికియ్యలే. 1962ల ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చింది హైదరాబాద్ కోచ్ రహీం సాబే. గసొంటి ఊర్ల ఇయ్యాల ఐఎస్ఎల్ టీము లేదు. కని మొన్న డిసెంబర్ 13న మెస్సి ఒచ్చిండని ఉప్పల్ కిటకిట. వేలకు వేలు పెట్టి టికెట్లు కొన్నరు. గందుల పదో వంతు జనం గచ్చిబౌలికి మ్యాచ్‌లకు పోతె టీము ఢిల్లీ పోవునా?

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
ఖని కాకా, గచ్చిబౌలి మనకు దూరం. ఉప్పల్ దగ్గర. గంతే తేడా 😄

ఖని_సెకండ్‌షిఫ్ట్
నాకు రెండూ దూరమే. పెద్దపల్లి కాడనే సగం పానం పోతది.

కాజీపేట_జంక్షన్
మెస్సి ఒచ్చి ఫోటో దిగిపోయిండు. సీఎం సాబ్ గూడ బూట్లేసి ఆడిండు, మంచిదే. కని 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలనే అయింది, బెంగాల్, కేరళ. గీ చర్చల ఎంతమందికి ఎరుక?

మానుకోట_మిర్చి
నాకు ఎరుకలే. డిసెంబర్ 31 అంటవు, ఎరుకుంటదా?

ఇందూరు_అక్క
పొద్దటి సంది చదువుతున్న. ఇంతమంది ఇంత రాసిన్రు, మొగపిల్లగాండ్ల పేర్లే. సార్ ఒక్కరు త్రిష పేరు ఎత్తిన్రు.

మా నిజామాబాద్ గుగులోత్ సౌమ్య ఎవరికన్న యాదికున్నదా? తండా నుంచి పోయిన పిల్ల. క్రొయేషియా పోయి డినామో జాగ్రెబ్ టీముల ఉన్నది. ఈస్ట్ బెంగాల్ తోటి ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచింది. దేశంల 2024-25 ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు మా పిల్లదే. పోయిన జులైల థాయిలాండ్‌ను వాళ్ళ గడ్డ మీదనే 2-1 కొట్టి మన ఆడపిల్లలు ఆసియా కప్‌కు క్వాలిఫై అయిన్రు, ఆ టీముల సౌమ్య ఉన్నది. జంక్షన్ తమ్మీ, నీ టీము ఎల్లిపోయిందని ఏడుస్తున్నవు, మంచిదే. మన తెలంగాణ పిల్ల ఆడుతున్నది, ఒక్క మ్యాచ్ అన్న చూసినవా?

కాజీపేట_జంక్షన్
థాయిలాండ్ మ్యాచ్ చూసిన అక్కా. సంగీత రెండు గోల్స్. సౌమ్య పేరు నేను రాయాల్సిందే, నువ్వు రాసినవ్.

ఇందూరు_అక్క
సరే ఒక మార్కు. త్రిష ముచ్చట గూడ పూర్తి జేస్త. 2025 అండర్ 19 వరల్డ్ కప్ల 309 పరుగులు, ఆ టోర్నీల మొదటి సెంచరీ ఆమెదే, ఫైనల్ల 3 వికెట్లు తీసి 44 నాటౌట్. ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. నవంబర్ల పెద్ద వరల్డ్ కప్ గూడ మన ఆడపిల్లలే గెలిచిన్రు, అల్లుడు గారి దిక్కు కడప శ్రీచరణి 14 వికెట్లు తీసింది. ఓపెనర్ తమ్మీ, నీకు సొంత గడ్డ మనిషే కావాల్నంటివి గదా. ఆడపిల్లల మ్యాచులు చూడు, కడుపునిండ దొరుకుతరు. ఆడపిల్లల ఐపీఎల్ డబ్ల్యూపీఎల్‌ల హైదరాబాద్ టీమే లేదు, ఇడిసిపెట్టే బాధ గూడ లేదు.

బెజవాడ_అల్లుడు
అక్క గారు ఒక్క పోస్టుతో అందరినీ ఆలౌట్ చేశారు.

ములుగురోడ్_77
అక్కా, దీప్తిని మరిచిపోతే మా పర్వతగిరోళ్ళు ఊకోరు. జీవాంజి దీప్తి, కల్లెడ. 2024 మే నెల కోబేల 400 మీటర్లు 55.07, అప్పటి పారా వరల్డ్ రికార్డు. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం. చిన్నప్పుడు ఊర్ల ఏమేం మాటలు అన్నరో మాకు ఎరుకే. ఇప్పుడు గవ్వే నోర్లు ఫ్లెక్సీలు కట్టినయి.

పీఈటీ_సుబేదారి
కల్లెడ ఊరు సంగతే వేరు. అదే ఊరికెల్లి వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌ల ఆర్చరీ ఆడింది. ఒక్క మండలం, ఒక్క ఊరు. విల్లు నేర్పే మనిషి, పాత స్కూల్ గ్రౌండు, గంతే.

అథ్లెటిక్స్‌ల ఇంకో లాభం, గడియారం తోటి పని. 55 సెకండ్ల ఉరికితె ఉరికినట్టే, ఏ క్లబ్బు సెక్రటరీ సంతకం అవసరం లేదు. మన హన్మకొండ జేఎన్ఎస్ (నెహ్రూ స్టేడియం)ల సింథటిక్ ట్రాక్ పడ్డంక 2021ల నేషనల్ ఓపెన్ పెట్టిన్రు గదా, హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4:05.39ల ఉరికి 2002 నాటి సునీతా రాణి రికార్డు మన ఊర్లనే తీసేసింది. స్టాండ్ల మా స్కూల్ పిల్లలను కూసోబెట్టిన. తెల్లారి నుంచి ఆడపిల్లలు నలుగురు పొద్దుగాలే ఆరింటికి గ్రౌండుకు రావట్టిరి.

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
చర్చ ఐపీఎల్ మీద పెట్టిండు అన్న. ఒలింపిక్స్ దాకా పోయింది.

ఇందూరు_అక్క
నీకు బాధ అయితుందా తమ్మీ?

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
లేదక్కా 🙏

మానుకోట_మిర్చి
ఇగ నా టర్న్. టైటాన్స్. సీజన్ 10ల పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షలు పెట్టి 22 మ్యాచులల్ల రెండు గెలిచిన్రు. రెండు! మా ఇంట్ల మ్యాచ్ పెడితె మా అమ్మ రిమోట్ గుంజుకొని సీరియల్ పెట్టేది, ఎట్లన్న ఓడుతరు గదరా అని. గిసొంటి టీముకు సుత జై కొట్టిన. పోయిన సీజన్ల విజయ్ మలిక్ కెప్టెన్‌గ, భరత్ హుడా రైడింగ్, క్వాలిఫయర్ 2 దాకా ఒచ్చిన్రు. పుణేరి మీద ఓడిన్రు, అయినా పానం సల్లబడ్డది. గండ్ల మానుకోట పోరడు ఎవడన్న ఉన్నడా? లేడు. హర్యానా బ్యాచే. నాకు ఫరక్ పడలే. ఓపెనర్ అన్నా, నువ్వు ప్లేయర్‌ను చూసి మనోడు అంటవు. నేనైతే ఓడినన్ని దినాలు కూసొని చూసిన గాబట్టి మనోళ్ళు అంట.

ఓరుగల్లు_ఓపెనర్
మిర్చీ, నువ్వు ఇంత మంచిగ రాస్తవని ఎన్నడు అనుకోలే. కని ఒప్పుకోను. ఆ సీజన్ మ్యాచులు విశాఖ, జైపూర్, చెన్నై, ఢిల్లీ. హైదరాబాద్‌ల ఒక్కటి లేదు. టీము పేరు తెలుగు, ఆటగాండ్లు హర్యానా, ఆట జైపూర్. ఇగ మనది మిగిలింది నీ రిమోటే.

మానుకోట_మిర్చి
రిమోట్ గూడ మా అమ్మ కాడ ఉన్నది.

సిరిసిల్ల_మగ్గం
ఇప్పుడే చూసిన చర్చ. అవనీశ్‌ది మా ముస్తాబాద్ మండలం, పోత్గల్. చెన్నై తీసుకున్న నాడు మా దగ్గర మిఠాయిలు పంచిన్రు. మా దుకాణంల ఆ సీజనంత పసుపు టీషర్టులే అడిగిన్రు పోరలు. అవనీశ్ ఆడకపోయినా. అప్పటిదాకా అందరు ఆరెంజే. ఓపెనర్ అన్న జెప్పిన దాంట్ల వ్యాపారం గూడ ఉన్నది, సన్‌రైజర్స్ ఓనర్లు గిది చదవాలె. ఒక్క సిరిసిల్ల పోరన్ని తీసుకుంటే జిల్లాకు ఎన్ని జెర్సీలు పోతయో.

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
ఆ లెక్కన ముప్పై మూడు జిల్లాలకు ముప్పై మూడు మందిని తీసుకోవాలె. స్క్వాడే 25.

సిరిసిల్ల_మగ్గం
నెట్ బౌలర్లను సార్ జెప్పిండు గదా. వాళ్ళకు గూడ జెర్సీ ఇస్తరు.

బెజవాడ_అల్లుడు
నా ఓటు పీఈటీ సార్‌కి. వేలంలో కోటా పెడితే టీమ్ బలహీనపడుతుందని గొడవ. ట్రయల్స్‌కి ఆ గొడవ లేదు. కానీ ముందు టర్ఫ్ పిచ్ కావాలి. జిల్లాకి ఒక్కటి. మ్యాట్ మీద నేర్చుకుని టర్ఫ్ మీద పరీక్ష రాయడం అన్యాయం కదండీ.

నిట్_హాస్టల్
ఒక టర్ఫ్ పిచ్ మెయింటెనెన్స్ కూడా చిన్న విషయం కాదు. నల్ల మట్టి, రోలర్, రోజూ నీళ్ళు, కవర్లు, ఒక క్యురేటర్. మా క్యాంపస్ టీమ్ వాళ్ళం బయటి అకాడమీలో టర్ఫ్ నెట్ అద్దెకు తీసుకుంటే గంటకే జేబు ఖాళీ.

పీఈటీ_సుబేదారి
నల్ల మట్టికి కొదవ లేదు తమ్మీ, పత్తి చేన్లన్ని అదే. రోలర్‌కు, మనిషికి జీతం ఇచ్చేటోడే కావాలె.

ములుగురోడ్_77
సార్, మా చిన్నోడు ఎడమ చేత్తోటి ఏస్తున్నడు, పన్నెండు నడుస్తున్నయి. ఈ ఎండకాలం క్యాంపు ఎప్పుడు?

పీఈటీ_సుబేదారి
పరీక్షలైనంక. తోలుకరా. ఎడమ చెయ్యి అంటున్నవు గద, ముందుగాల పొద్దున పూట పంపు, మంది తక్కువుంటరు, నేనే చూస్త. స్పైకులు కొనకు ఇప్పుడే.

కాజీపేట_జంక్షన్
మరి ఓపెనర్ అన్నా, ఈసారి ఉప్పల్‌ల మొదటి మ్యాచ్‌కు పోతున్నవా లేదా? నాకు పక్క సీటు కావాలె, సగం పైసలు నేనిస్త.

ఓరుగల్లు_ఓపెనర్
రాజస్థాన్ ఒచ్చిన నాడు పోదాం. అమన్‌ను దింపితేనే. జెర్సీ మాత్రం ఏసుకోను, తెల్లంగి.

ఆరెంజ్_ఆర్మీ_హన్మకొండ
నాక్కూడ ఒకటి తియ్యున్రి. నేను ఆరెంజ్‌లనే ఒస్త, వాడు ఫోర్ కొడితె మాత్రం నా మొఖం చూడొద్దు.